డప్పులు కాల్చిన తరం

నిరుడు ఎండాకాలం సెలవులకు నేను టీచరుగా పనిచేసే ఇచ్చోడ నుంచి ఇంటికి వచ్చేసరికి మా బాపూ, తమ్ముడు జాన్సనూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారు. పక్కపక్కనే కూర్చుని తింటారు. కానీ ఏ మాటైనా అవ్వకే చెప్తారు. "మందులు ఏసుకున్నడా అడుగవ్వా" అని వాడు. "బండి ఎండల పెట్టొద్దని చెప్పు నీ కొడుక్కు" అని ఈయన. మమ్మల్ని కన్న అవ్వ సాయవ్వ రెండూ వినేది, ఏదీ చేరవేసేది కాదు. రెండు గదుల ఇంట్లో ఒకరి మాట ఇంకొకరికి వినపడకుండా ఎట్లా ఉంటుంది?

గొడవ డప్పు గురించి.

మా ఊరు చొప్పదండి నుంచి లోపలికి పోవాలి. ఊరి చివర మాదిగవాడ, వాడ చివర మా మెథడిస్టు చర్చి. ఆ చర్చికి డిసెంబరులో అరవై ఏళ్లు నిండుతాయని పండుగ చేయాలనుకున్నారు. జాన్సన్ యువజన సంఘానికి కార్యదర్శి. వాడికి ఒక డప్పు బృందం ఉంది, కరీంనగర్‌లో, మంచిర్యాలలో సభలకు పిలిస్తే పోయి కొట్టి వస్తారు. పండుగ నాడు ఆరాధన డప్పులతో మొదలుపెడతామని వాడు కమిటీలో అన్నాడు. అదే కమిటీలో పెద్దమనిషిగా కూర్చున్న మా బాపు దేవసహాయం లేచి బయటికి వచ్చేశాడు.

ఎందుకంటే ఆ చర్చి వెనకాలే, పంతొమ్మిది వందల అరవై ఏడులో, వాడలో ఉన్న డప్పులన్నీ కుప్పపోసి కాల్చారు. కాల్చినవాళ్లలో అందరికన్నా చిన్నవాడు మా బాపు. ఇకమీదట పటేళ్ల చావులకు డప్పు కొట్టేది లేదని ఆ మంట ముందు వాడంతా ఒక్క మాట అనుకున్నారు. అందుకు ఊరు ఒక కారు పంట మొత్తం వాళ్లను కూలికి పిలవలేదు. జొన్న గట్క కూడా లేని రోజుల్లో చింతచిగురు ఉడికించుకుని తిన్నామని బాపు చెప్పేవాడు. చిన్నప్పటి నుంచి మేము విన్న కథ అది. మా ఇంట్లో దానికి ఎదురు లేదు.

వచ్చిన మర్నాడు పొద్దున జాన్సన్ వాకిట్లో వరిగడ్డి అంటించి డప్పు కాచుకుంటున్నాడు. చర్మం బిగిసిందా లేదా అని వేలితో ఒకసారి తట్టాడు. మంచం మీద టీ తాగుతున్న బాపు గ్లాసు కింద పెట్టి, చేతికర్ర తీసుకుని వీధిలోకి వెళ్లిపోయాడు. సగం టీ అట్లాగే ఉంది.

"చూసినవా అక్కా" అన్నాడు జాన్సన్. "నేను తాగుబోతునా, జూదగాన్నా? నా చేతిల డప్పు చూస్తే ఆయనకు కొడుకు గానస్తలేడు."

"నీకు ఆయన గానస్తుండా?" అన్నాను.

వాడు మంటను కాలితో ఆర్పేశాడు.

వాళ్ల పంతం చర్చిని రెండుగా చీల్చేట్టుంది అని మా పాస్టర్ కుమార్ భయపడ్డాడు. ఆయన వయసులో చిన్నవాడు, సర్దుబాటు మనిషి. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అందరినీ కూర్చోబెట్టి, "అరవైలల్ల మన పెద్దలు మనకేమిచ్చిండ్లు, మనం ఏం పోగొట్టుకున్నం, ఇయ్యాల మాట్లాడుకుందాం. ఒకల మాట ఒకలు వినాలె" అన్నాడు. ముందు బాపును లేపాడు.

బాపు తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. కర్ర బల్లకు ఆనించి, నిలబడి మాట్లాడాడు.

"నాకప్పుడు పదారు పదిహేడేండ్లుంటయి. అప్పటిదాక నాకు పేరే లేదు. దేవిగాడు. మా బాపు ఎల్లిగాడు. పటేలింట్ల బర్రె సచ్చినా మమ్ములనే పిలుస్తరు, మనిషి సచ్చినా మమ్ములనే పిలుస్తరు. పాడె ముందట కొట్టుకుంట పోవాలె. కాళ్లకు చెప్పులుండొద్దు. జరమొచ్చిందంటే వినరు. రానంటే గుంజకు కట్టేసి కొడ్తరు. గసొంటి రోజులల్ల మేము రాము అన్నం. గా ఏడు బాప్తిస్మంల మాకు పేర్లొచ్చినయి. మా ఆడపిల్లలు బోర్డింగ్ బడికి పోయిండ్లు. నా బిడ్డ ఇయ్యాల టీచరు. అరవైలు ఏమిచ్చినయంటే గిదిచ్చినయి. ఇంకేం కావాలె?"

ముసలివాళ్లు తలలూపారు. తర్వాత జాన్సన్ లేచాడు. వాడికి సభలు అలవాటు, గొంతు తడబడదు.

"బాపు చెప్పింది ఎవ్వలు కాదనరు. నేను కాదన్ననంటే నా నాలుక పడిపోవాలె. కని గా మంటల డప్పులొక్కటే కాలినయా? మా నాయినమ్మ నాట్లేస్తూ పాడిన పాటలు ఏమైనయి? అవి సైతాను పాటలన్నరు. మన నోరు తిరగని రాగాలు తెచ్చి గివి పాడుర్రి అన్నరు. మన తిండి నీచం, మన మాట నీచం, మన డప్పు నీచం. ఊరోళ్లు ఎప్పుడూ అనే మాటనే మనోళ్లు చర్చిల కూసోని అన్నరు. ఇప్పుడు గదే డప్పును పట్నంల స్టేజీ ఎక్కిస్తే జనం లేచి నిలవడి చప్పట్లు కొడ్తున్నరు. తప్పు డప్పుదా, కొట్టిచ్చుకున్నోల్లదా? వాళ్లను ఇడిసిపెట్టి డప్పునెందుకు కాల్చిండ్లు?"

కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. వెనక వరసలో ఒకడు ఈల కూడా వేశాడు. బాపు అది తగ్గేదాకా ఆగాడు.

"వాళ్లను కాల్చలేకపోయినం బిడ్డా" అన్నాడు. "చేతుల ఉన్నది డప్పు. గందుకే దాన్ని కాల్చినం."

ఆ మాటకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జాన్సన్ కూర్చున్నాడు. పాస్టర్ ప్రార్థన చేసి, పండుగకు డప్పులు ఉండాలనేవాళ్లు చేతులెత్తమన్నాడు. ఎక్కువ చేతులే లేచాయి. బాపు ఎవరి చెయ్యి లేచిందో చూడలేదు, కర్ర కోసం వెతుక్కున్నాడు.

ఆ తర్వాతి వారంలోనే ఊళ్లో పెద్దపటేలు చనిపోయాడు. తొంభై దాటిన మనిషి. కొడుకులు హైదరాబాద్ నుంచి కార్లలో దిగారు. మాజీ సర్పంచ్ హనుమంతు బండి మీద మా వాకిట్లోకి వచ్చాడు. ఎప్పుడూ దిగకుండానే మాట్లాడేవాడు, ఆ రోజు దిగి, అవ్వ ఇచ్చిన మంచినీళ్లు కూడా తాగాడు.

"జాన్సన్, పటేలు కొడుకులు సాగనంపుడు ఘనంగ చెయ్యాల్నంటున్నరు. హైదరాబాద్ల ఇప్పుడు పెద్దోల్ల చావులకు కళాబృందాలనే పిలుస్తున్నరట. నీ బృందం డ్రెస్సుల మీదనే రావాలె. నువ్వు ఆర్టిస్టువు. గౌరవంగనే పిలుస్తున్న."

ఆయన పోగానే జాన్సన్ నన్ను పెరట్లోకి తీసుకుపోయాడు.

"అక్కా, తాతను గుంజకు కట్టేసి కొట్టిన ఇల్లది. గదే ఇంటికి నేను ఆర్టిస్టు లెక్క పోతే రోజులు మారినట్టు గాదా? బాపుకు గది కండ్ల పడాలె."

వాడికి పటేలు మీద ప్రేమ లేదు, డబ్బు ఆశ లేదు. చర్చిలో తేలని వాదన అక్కడ తేల్చుకుందామనుకున్నాడు. నాకు ఆ సంగతి తెలుస్తూనే ఉంది. నువ్వు పోవద్దు అనాల్సిన మాట నా నోట రాలేదు. నాకూ రోజులు మారాయనే ఉండేది.

బయలుదేరేటప్పుడు బాపు ఆ ఎండాకాలంలో మొదటిసారి వాడితో సూటిగా మాట్లాడాడు.

"పోకు బిడ్డా. స్టేజీ వేరు, పాడె వేరు."

"కాలం మారింది బాపూ."

"మారితే మంచిదే" అన్నాడు బాపు.

శవయాత్ర మా చర్చి ముందు నుంచే పోవాలి, వాగు ఒడ్డున ఉన్న శ్మశానానికి అదే దారి. మే నెల మధ్యాహ్నం. యాసంగి వడ్లు రోడ్డుకు ఒక పక్క పొడుగునా ఆరబోసి ఉన్నాయి. టార్పాలిన్లు ఎగరకుండా అంచున బండరాళ్లు పెట్టారు. నేనూ అవ్వా చర్చి ప్రహరీ నీడలో నిలబడ్డాం. బాపు గేటు దగ్గర, కొంచెం ముందుకు.

డప్పుల చప్పుడు ముందు వినపడింది. బాగుంది. అబద్ధమెందుకు, నా ఒళ్లు జలదరించింది. తర్వాత మలుపు తిరిగి వాళ్లు కనపడ్డారు. పసుపు చొక్కాలు, నడుముకు ఎర్ర గుడ్డలు. ఇంకొంచెం దగ్గరికి వచ్చాక చూశాను, ఒక్కడి కాళ్లకూ ఏమీ లేవు. తారు మెత్తబడి నల్లగా మెరుస్తోంది. కుర్రాళ్లు దరువు తప్పకుండానే పక్కనున్న వడ్ల మీదికి, మట్టి మీదికి అడుగులు జరుపుతున్నారు. వాళ్ల వెనక వచ్చే మనుషులందరి కాళ్లకూ చెప్పులు, బూట్లు.

ఏం జరిగిందో జాన్సన్ తర్వాత చెప్పాడు. పటేలు ఇంటి గేటు దగ్గర ఎవరో పెద్దాయన, పాడె ముందట బూట్లేమిటి, విప్పమన్నాడట. హనుమంతు దగ్గరికి వచ్చి, సావు ఇల్లు, లొల్లి పెట్టకుర్రి అన్నాడట. కుర్రాళ్లు జాన్సన్ మొఖం చూశారు. వాడు వంగి బూట్ల దారాలు విప్పాడు. అంతే జరిగింది.

పాడె మీదికి పేలాలూ చిల్లరా చల్లుతున్నారు. దరువు కొంచెం నెమ్మదించింది. వెనక నుంచి ఒక గొంతు, కోపంగా కాదు, సరదాగానే అన్నది, "ఓ దేవిగాని కొడుకా, సల్లవడ్డరేంది? జర ఊపుగ కొట్టుర్రి."

బాపు కర్ర పట్టుకుని రోడ్డు మీదికి నడిచాడు. తొందర లేకుండా, ఇంటి ముందు నుంచి ఎవరినో పిలవడానికి పోతున్నట్టే వెళ్లి, జాన్సన్ కుడిచెయ్యి పట్టుకున్నాడు.

"ఇంటికి పోదాం పా."

జాన్సన్ తల ఎత్తలేదు. "అయిపోవచ్చింది బాపూ. జరుగు" అన్నాడు, బతిమాలుతున్నట్టు. చెయ్యి విడిపించుకుని ఇంకో దెబ్బ వేశాడు.

"పీనుగ ముందట అడ్డమేంది ముసలోడా" అన్నారెవరో. తెల్లచొక్కా చెయ్యి ఒకటి బాపు భుజం మీద పడింది. అంత గట్టిగా తోసినట్టు కూడా లేదు. బాపు పక్కకు తూలి, వడ్ల అంచున ఉన్న బండరాయి మీద పడ్డాడు.

డప్పులన్నీ ఒక్కసారి ఆగాయి. నేనూ అవ్వా పరుగెత్తాం. పాడె దారిలో దించకూడదు కాబట్టి మోసేవాళ్లు ఆగలేదు, మమ్మల్ని తప్పించుకుని పక్క నుంచి నడిచారు. జాన్సన్ మెడలో డప్పుతోనే బాపును ఎత్తుకోబోయాడు. ఇద్దరి మధ్య డప్పు అడ్డం పడింది. "నడువుర్రి, నడువుర్రి" అని హనుమంతు మిగతా కుర్రాళ్లను తరుముతున్నాడు. మేము బాపును చర్చి వరండాలోకి చేర్చేసరికి, వాగు వైపు నుంచి మళ్లీ దరువు వినపడింది.

కరీంనగర్‌లో దవాఖానలో తుంటి ఎముక విరిగిందన్నారు. ఆపరేషన్‌కు గుండె తట్టుకోదని, ఇంటికి తీసుకుపోయి పడుకోబెట్టమన్నారు. మంచం వాకిట్లోంచి లోపలికి మారింది.

జాన్సన్ ఠాణాకు పోయాడు, నేనూ వెంట పోయాను. ఎస్సై చెడ్డగా మాట్లాడలేదు. కూర్చోమన్నాడు, విన్నాడు. కులమేందని అడిగితే జాన్సన్ చెప్పాడు.

"మీ బాపు పేరు దేవసహాయం అంటున్నవు. చర్చోల్లా?"

"అవును సార్."

"అట్లయితే కాయితంల మీరు ఎస్సీలు గాదు, బీసీ-సీ. అట్రాసిటీ చట్టం మీకు రాదు. తోసిన కేసు రాస్త. తోసింది ఎవలో పేరు చెప్పాలె, చూసినోల్లు సాక్ష్యం చెప్పాలె." కొంచెం ఆగి, గొంతు తగ్గించి అన్నాడు, "పాత కాయితాలల్ల దేవయ్య అని ఏమన్న ఉంటే చూడు. దేవయ్య, హిందూ మాదిగ అని రాసిస్తే చట్టం పట్టొచ్చు. ఆలోచించుకోర్రి."

పాత రేషన్ కార్డులో దేవయ్య అనే ఉందని మా ఇద్దరికీ తెలుసు. ఇంటికి వచ్చి జాన్సన్ బాపు మంచం పక్కన కూర్చుని మొత్తం చెప్పాడు.

"ఎవరా దేవయ్య?" అన్నాడు బాపు.

"కాయితం కోసమే బాపూ. లేకుంటే కేసు నిలవది. వాళ్లకేం కాదు."

"దేవసహాయం అనే రాయి. నిలవకపోతే నిలవకపాయె."

"నిన్ను తోసినోడు మంచిగ తిరుగుతున్నడు."

"తిరగనీ. వాడు ఒక్కపారి తోసిండు. గా పేరు నువ్వే రాసిస్తే నన్నెక్కడ పెడ్తవు?"

జాన్సన్ మర్నాడు పోయి దేవసహాయం అనే రాసిచ్చాడు. మా వాడవాళ్లలో సగం మంది పటేలు పొలాల్లోనే కౌలు చేస్తారు. ముసలాయన కర్ర జారి పడ్డాడని, తాము చూడలేదని చెప్పారు. కేసు కొన్నాళ్లలోనే సద్దుమణిగింది.

బాపును తిప్పి పడుకోబెట్టడం, ఒళ్లు తుడవడం, ఎత్తి బట్టలు మార్చడం అన్నీ జాన్సనే చేశాడు. మమ్మల్ని చెయ్యి వేయనివ్వలేదు. డప్పును అటక మీద పెట్టేశాడు. అప్పుడు మాత్రం ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు. ఆశ్చర్యమేమిటంటే, వాదన మానలేదు. గొంతులు తగ్గాయి, అంతే. పాటల గురించి, తిండి గురించి, చర్చి హార్మోనియం గురించి, ఏది ఉంచుకోవాల్సింది, ఏది వదలాల్సింది అని గంటలు గంటలు.

బడి తెరుస్తారని నేను ఇచ్చోడకు బయలుదేరే పొద్దున, సంచి సర్దుకుంటూ విన్నాను.

"ఒకటి అడుగుత చెప్పు" అన్నాడు బాపు. "డప్పు కొడ్తుంటే నీకు సంతోషమైతదా?"

జాన్సన్ దుప్పటి సర్దుతూ అన్నాడు, "అయితది బాపూ."

"మా బాపుకు గూడ అయితుండె. చెప్పుల్లేకుంట కొట్టినా, వాళ్ల పీనుగ ముందట కొట్టినా, కొట్టేటప్పుడు ఆయన మొఖమే వేరుండేది. గది చూసే నాకు భయమైంది. గంత సంతోషం తీసుకపోయి వాళ్ల చేతుల పెట్టిండు గదా అని. గందుకే ఆయన డప్పు నేనే గుంజుకొచ్చి మంటల ఏసిన. గదే కాలం మళ్ల వస్తే మళ్ల ఏస్త."

"తాత ఏమన్నడు?"

"ఏమనలే. సచ్చిందాక గా ముచ్చటే తియ్యలే."

నేను లోపలికి పోయి కాళ్లకు మొక్కాను. బాపు నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. బస్సు టైము అవుతోందని మధ్యలో ఆయనే ఆపేశాడు.

వానలు పడ్డ కొత్తలో ఫోన్ వచ్చింది. నేను వచ్చేసరికి పెట్టె సిద్ధంగా ఉంది. చినుకులు పడుతున్నాయి. సమాధి గుంతలో నీళ్లు చేరక ముందే పోవాలని పాస్టర్ తొందరపడుతున్నాడు. అప్పుడే జాన్సన్ బృందంలోని కుర్రాళ్లు వచ్చారు. అందరి మెడల్లోనూ డప్పులు, తడవకుండా ప్లాస్టిక్ కవర్లు చుట్టుకుని ఉన్నారు. ఎవరూ పిలవలేదు. లోపలికి రాకుండా వాకిలి అంచున వరసగా నిలబడ్డారు.

"మీ ఇష్టం జాన్సన్" అన్నాడు పాస్టర్. "నాకైతే అభ్యంతరం లేదు."

జాన్సన్ వాళ్ల దగ్గరికి పోయాడు. "వద్దురా" అన్నాడు. "బాపుకు ఇష్టం లేకుండె." కుర్రాళ్లు డప్పులు మెడలోంచి తీసి చర్చి వరండాలో గోడకు ఆనించి, వట్టి చేతులతో వచ్చి పెట్టె కింద భుజాలు పెట్టారు. వానలో పాట సరిగ్గా సాగలేదు. మట్టి వేసి తిరిగి వచ్చాం.

అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పొద్దుటి నుంచి ఆమె ఏడవలేదు.

"పొల్లగాండ్లు డప్పులు తెచ్చిండ్లట గదా" అంది.

"తెచ్చిండ్లవ్వా. నేనే వద్దన్న" అన్నాడు జాన్సన్.

"కొట్టనియ్యాల్సుండె."

జాన్సన్ గడపలో ఆగిపోయాడు. "బాపుకు పట్టది గదా అవ్వా."

"మీ బాపుకు పట్టనిది వాళ్ల పీనుగుల ముందట కొట్టుడు. గిది ఆయన పీనుగ." అవ్వ కొంగుతో మోకాలి మీది తడి తుడుచుకుంది. "పెండ్లైన కొత్తల చేన్ల ఎవ్వలు లేనప్పుడు ఖాళీ డబ్బా మీద కొట్టి ఇనిపిచ్చేటోడు నాకు. వాళ్ల బాపు దరువంట. మస్తు కొడ్తుండె."

నేను ఆమె పక్కన కూర్చున్నాను. "గీ మాట ముందే ఎందుకు చెప్పలేదవ్వా?"

"నన్నెవలడిగిండ్లు బిడ్డా" అంది.